బొత్తాల పెట్టెలో నొప్పి మాత్రలు

మా మావయ్య లెక్కలో లోకంలో రెండే రకాల వస్తువులు ఉన్నాయి. బొత్తాల పెట్టెలో పట్టేవి, పట్టనివి. పట్టేవన్నీ అందులోకి పోతాయి. అదొక పాత చెక్కపెట్టె. లోపల అట్టముక్కలు నిలబెట్టి గళ్ళు చేశారు. ఒక గడిలో కోటు బొత్తాలు, ఒక గడిలో చొక్కా బొత్తాలు, ఇంకో గడిలో హుక్కులు, ఆ పక్కన అరిగిపోయిన సుద్దముక్కలు. చిట్టచివరి గడిలో మా ఇంటిల్లిపాదీ వాడే నొప్పి మాత్రలు.

అవి స్ట్రిప్పుల్లో ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. మందుల షాపు నుంచి రాగానే ఆయన వాటిని ఒక్కొక్కటిగా ఒలిచి గడిలో పోసేస్తారు. పసుపువి ఒక మూలకి, గులాబీ రంగువి ఒక మూలకి, తెల్లవి మధ్యలోకి.

“మావయ్యా, స్ట్రిప్పు మీద పేరుంటుంది. తారీఖు ఉంటుంది. అలా ఒలిచెయ్యకూడదు” అని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే చెప్పాను.

“బొత్తాలకి పేర్లున్నాయా? వాటితో నా పని ఆగిందా? స్ట్రిప్పు చోటు తినేస్తుందమ్మాయ్” అన్నారు.

నాకు ముక్కు మీద కోపం అని మా వాళ్ళంతా అంటారు. కోపం కాదు, ఓపిక తక్కువ. అయినా ఆ రోజు ఊరుకున్నాను, ఎందుకంటే కొత్త కోడలిని. ఆ తర్వాత ఎప్పుడూ ఊరుకోలేదు.

మాది బస్టాపు ఎదురుగా ఉన్న టైలరు షాపు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. మావయ్య కటింగు చేస్తారు, నేను మిషను మీద కుడతాను, అత్తయ్య గుమ్మంలో వెలుగు బాగా పడే చోట కూర్చుని బొత్తాలు దూర్చే కాజాలు కుడుతుంది. మా ఆయన లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటాడు కాబట్టి ఈ గొడవలో ఆయన పాత్ర లేదు, అదృష్టవంతుడు.

మావయ్య కటింగు గురించి నేను పొగడనక్కర్లేదు. చుట్టుపక్కల కోటు వేసుకునే ప్రతి మనిషీ ఆ పని చేస్తూనే ఉంటాడు. నేను చెప్పాల్సింది ఆయన నోటి గురించి. కుట్టు దారం వెంట్రుకవాసి పక్కకు పోతే చాలు, “అవి కళ్ళా, కాజాలా?” అంటారు. తెల్లదారం తెమ్మంటే గభాలున పరిగెత్తకూడదు, “ఏ తెలుపు?” అని అడగాలి. అడక్కుండా తెస్తే మళ్ళీ అదే మాట. నేను ఆ మాట ఎన్నిసార్లు తిన్నానో లెక్క పెట్టుకుని ఉంటే ఈపాటికి అంకెలు అయిపోయేవి.

అలాంటి మనిషి కుడి అరచేతిలో, ఉంగరపు వేలి కింద, ఒక గడ్డ లేచింది. మొదట శనగగింజంత. అది పెరిగిన కొద్దీ వేలిని లోపలికి లాగడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి వేలు కొక్కెంలా మడత పడిపోయింది. కత్తెర పిడిలోకి వేళ్ళు దూరడం మానేశాయి. కటింగు నా మీద పడింది. ఆయన ఎత్తు స్టూలు మీద కూర్చుని, నేను సుద్దతో గీసే ప్రతి గీతనీ చూస్తూ, చెప్పాల్సిన మాట చెబుతూ ఉండేవారు. వింటూ కోసేదాన్ని. ఆయన కత్తెర గోడకున్న మేకుకి ఊరికే వేలాడుతుంటే నాకు లోపల దిగులుగా ఉండేది. ఆయనకు ఎలా ఉండేదో ఊహించుకోవడానికే భయం.

చేతుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ వేలిని మెల్లగా పైకెత్తి చూశారు.

“చిన్న ఆపరేషనే. ఇప్పుడైతే వేలు నిటారుగా వస్తుంది. ఆలస్యం చేస్తే అలాగే బిగుసుకుపోతుంది, అప్పుడు నేను కోసినా లాభం ఉండదు” అన్నారు. “ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. అరచేతిలో నరాలూ రక్తనాళాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. రక్తం ఎక్కువ కారితే నాకు ఏదీ కనపడదు. అందుకని ఆపరేషనుకి వారం ముందు నుంచి నన్ను అడక్కుండా ఏ నొప్పి మాత్రా వేసుకోవద్దు. మరీ తప్పకపోతే మీకు పారాసెటమాల్ ఒక్కటే.”

“నొప్పి నొప్పేగా, మాత్ర మాత్రేగా తల్లీ?” అన్నారు మావయ్య.

“అన్ని బట్టలకీ ఒకే సూది వాడతారా మీరు?” అన్నారు డాక్టరమ్మ. ఆవిడంటే నాకు అప్పుడే గౌరవం పుట్టింది.

దారిలో మందుల షాపు దగ్గర ఆగాం. ఆ షాపావిడ మాకు బాగా తెలుసు, ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతాను. సంగతి చెప్పగానే కౌంటరు మీదికి వంగి మొదలుపెట్టింది.

“బాబాయిగారూ, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబం. రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. పారాసెటమాల్‌కి ఆ గుణం లేదు. అది వాళ్ళింటి అల్లుడు కూడా కాదు.”

“అయితే అదే ఇవ్వమ్మా, బోలెడన్ని.”

“బోలెడన్ని ఎందుకు? మంచిదన్నారని గుప్పెట్లో పోసుకుంటే లివరు పాడవుతుంది. స్ట్రిప్పు మీద ఎంత రాసుంటే అంతే. ఇంకో సంగతి. జలుబు మాత్రల్లో, ఒళ్ళునొప్పుల పొడుల్లో కూడా ఇవే కలిపి అమ్ముతారు. వెనక ఏం రాసుందో చూడకుండా నోట్లో వేసుకోకండి.”

మా వెనక నిలబడ్డ అత్తయ్య ఒక్కసారిగా ముందుకొచ్చింది. “నాకు గుండె డాక్టరు రాసిన చిన్న మాత్ర కూడా ఆస్పిరినే కదూ? అయితే నేనూ మానేస్తాను. ఆయనకి వద్దన్నది నాకు మాత్రం ఎందుకు?”

“పిన్నిగారూ, ఆపరేషను మీకా, ఆయనకా?” షాపావిడ నెత్తి కొట్టుకుంది. “మీది మీ డాక్టరు గారు రాసింది. ఆయన చెప్పకుండా ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదు. మొగుడి మీద ప్రేముంటే ఇంకోలా చూపించుకోండి.”

అత్తయ్య సిగ్గుపడి కొంగు సర్దుకుంది. మావయ్య ఎటో చూస్తూ మీసాల్లో నవ్వుకున్నారు.

ఇంటికి రాగానే ఏం చేశారో చెప్పక్కర్లేదు. పారాసెటమాల్ మాత్రలన్నీ ఒలిచి గడిలో పోసేశారు. ఆ గడిలో ఆయన ఎప్పుడూ తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ మాత్రలు అప్పటికే ఉన్నాయి. అవీ గుండ్రంగా తెల్లగానే ఉంటాయి, ఇవీ గుండ్రంగా తెల్లగానే ఉంటాయి. నేను నోరు నొప్పిపుట్టేలా అరిచాను. “రేపు వేరు చేస్తాలే” అన్నారు. మా షాపులో ‘రేపు’ అనే మాటకి ఎంత విలువుందో బట్టలు కుట్టించుకున్న వాళ్ళందరికీ తెలుసు.

ఆపరేషను రోజు పొద్దున్నే ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ అడగాల్సిన ప్రశ్న అడిగారు. “ఈ వారంలో నొప్పికి ఏమైనా వేసుకున్నారా?”

మావయ్య తల దించుకున్నారు. “నిన్న తలనొప్పి వచ్చి ఒకటి వేసుకున్నానమ్మా. పారాసెటమాల్ అనుకునే వేసుకున్నాను. తర్వాత చూస్తే ఆస్పిరిన్ ఒకటి తగ్గింది. రెండూ తెల్లవే కదా. పొరపాటు జరిగిపోయింది.”

డాక్టరమ్మ నిట్టూర్చారు. “చెప్పి మంచిపని చేశారు. దాచి ఉంటే ఇద్దరికీ కష్టమయ్యేది. ఇవాళ చేయను. ఇంకో తేదీ ఇస్తాను, కానీ అదే ఆఖరు అనుకోండి. వేలు ఇప్పటికే బాగా మొండికేస్తోంది.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావయ్య కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం తీశారు. పాపం, బాధని దిగమింగుకుంటున్నారు అనుకున్నాను. నాకే ఆ రెండు మాత్రల మధ్య తేడా తెలియదు, వయసు మళ్ళిన మనిషికి ఎలా తెలుస్తుంది అని జాలిపడ్డాను కూడా. నా జాలి మీద నాకే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

రెండో తేదీ దగ్గరపడుతున్న రోజుల్లో వకీలు గారు హడావిడిగా షాపులోకి వచ్చారు. ఆయన మావయ్యకి పాత గిరాకీ. తెల్లచొక్కాకి మెడ కింద బొత్తం ఊడిపోయింది, కోర్టుకి టైమైపోతోంది. నేను పెట్టెలోంచి తెల్లబొత్తం ఒకటి తీసి సూదిలో దారం ఎక్కించాను.

“ఆగు” అన్నారు మావయ్య స్టూలు మీద నుంచి. “ఏ తెలుపది?”

“తెల్ల తెలుపు, మావయ్యా. ఆయనకి టైమైపోతోంది.”

“అది అన్నం తెలుపు. ఆ చొక్కావి ముత్యం తెలుపు. అంచు కూడా పలచన. అవి కళ్ళా, కాజాలా?”

స్టూలు దిగి వచ్చారు. ఎడమచేతిని గడిలో పెట్టారు. కళ్ళు మాత్రం వీధిలో వెళ్ళే బస్సు మీద ఉన్నాయి. బొటనవేలితో బొత్తాలను ఒక్కొక్కటే తోసుకుంటూ పోయి ఒకటి పైకి తీశారు. చూడకుండానే నా చేతిలో పెట్టారు. దాన్ని చొక్కా మీద పెట్టి చూస్తే మిగతావాటి తోబుట్టువే.

“కోర్టులో నా బొత్తాలెవడు చూస్తాడు మేస్త్రీ?” అన్నారు వకీలు గారు.

“నేను చూస్తాను” అన్నారు మావయ్య.

బొత్తం కుట్టించుకుని వకీలు గారు వెళ్ళిపోయారు. నేను మాత్రం సూది పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బుర్రలో ఏదో టక్కుమంది. బస్సు చూస్తూ ముత్యం తెలుపుని వేలితో పట్టుకున్న మనిషికి, కళ్ళెదురుగా రెండు మాత్రల మధ్య తేడా తెలియలేదా? రెండూ తెల్లవే కదా అన్నారా? ఈయనా? ఇన్నాళ్ళూ ‘ఏ తెలుపు’ అని నా ప్రాణం తీసిన ఈయనా?

అడిగితే చెప్పరు. అడిగేకొద్దీ నీళ్ళు నమిలే రకం. అందుకని అడగలేదు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి, గడిలోని తెల్లమాత్రలన్నీ కటింగు బల్ల మీద నల్లగుడ్డ పరిచి దాని మీద కుప్ప పోశాను. స్టూలు మీద కూర్చున్న మావయ్యకి బాగా కనపడేలా నిలబడి వేరుచేయడం మొదలుపెట్టాను. కావాలనే ఇష్టం వచ్చినట్టు.

“ఇది పారాసెటమాల్” అని ఒకటి కుడివైపు పెట్టాను. “ఇదీ పారాసెటమాలే. ఇది ఆస్పిరిన్. ఇది... సరే, ఇదీ ఆస్పిరినే.”

మావయ్య వీధిలోకి చూశారు. నేను ఆపలేదు. ఆయన మెడ గోక్కున్నారు. కాలు ఊపడం మొదలుపెట్టారు. నేను నాలుగైదు మాత్రలు ఒకేసారి చేత్తో తోసి, “ఇవన్నీ ఒకటేలే” అన్నాను.

ఇక ఆగలేకపోయారు. ఒక్క ఉదుటున స్టూలు దిగారు.

“ఏంటమ్మాయ్ ఆ చేతలు? ఇదేంటి, అదేంటి? దీనికి మధ్యలో గీత లేదూ? ఇది సున్నం తెలుపు, పారాసెటమాల్. దానికి అంచు చెక్కినట్టుంది, కొంచెం పాలిపోయింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు వాసన వస్తుంది. ఆస్పిరిన్. చిన్నపిల్లలు కూడా చెబుతారు. అవి కళ్ళా...”

మాట మధ్యలో ఆగిపోయింది. ఎడమచేతిలో రెండు మాత్రలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. మాట్లాడుతూనే ఆయన వేరుచేసిన మాత్రలు బల్ల మీద అప్పటికే రెండు కుప్పలయ్యాయి, ఒక్కటి కూడా అటుదిటు కాలేదు.

“కాజాలా అని అడగండి మావయ్యా. మధ్యలో ఆపేశారేం?” అన్నాను.

ఆయన మెల్లగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. దొరికిపోయిన మనిషి మొహం అంత చిన్నదైపోతుందని నాకు తెలియదు.

“కావాలనే వేసుకున్నారు కదూ?”

“ఊఁ.”

“కోతంటే భయమా?”

“రోజూ కత్తెర పట్టేవాణ్ణి, కోతకి భయపడతానా?” మేకుకున్న కత్తెర వైపు చూశారు. “కోశాక సంగతి ఆలోచిస్తేనే భయం.”

నేను మిషను దగ్గరి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

“ఇప్పుడు గిరాకీ వచ్చి ‘మేస్త్రీ, నువ్వు కోయట్లేదా’ అంటే వేలు చూపిస్తున్నాను” అన్నారు. “అయ్యో అని వెళ్ళిపోతున్నారు. నా పనితనానికి మచ్చ లేదు, వేలిదే తప్పు. రేపు వేలు నిటారుగా వచ్చిందనుకో. అయినా చెయ్యి మునుపట్లా ఆడలేదనుకో. గీత వంకర పోయిందనుకో. అప్పుడేం చూపించాలి?”

మడత పడ్డ వేలిని ఎడమచేత్తో నిమురుకున్నారు.

“ఇంకోటి చెప్పనా? అప్పుడు నేను వంకరగా కోసినా మీరెవరూ చెప్పరు. మీ అత్తయ్య ‘దివ్యంగా ఉంది’ అంటుంది. నువ్వు తల ఊపుతావు. నేను భోజనానికి లోపలికెళ్ళగానే గుడ్డ తీసి మళ్ళీ కోస్తావు. మా గురువుగారికి మేం అలాగే చేశాం. ఆయన కళ్ళు మందగించాక, ఆయన కోసిన కోట్లు ఆయన వెనక మేం సరిచేసేవాళ్ళం. ఆయనకి తెలియదనే అనుకున్నాం. తెలుసు. ఒకరోజు సుద్ద నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయారు. మళ్ళీ షాపు గడప తొక్కలేదు. నాకా గతి వద్దమ్మాయ్. దానికంటే ఈ వంకర వేలే నయం.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంలా బయటపడుతుంది, నా ఒంటి తీరే అంత.

“మావయ్యా, నేనెప్పుడైనా మీతో తీయగా మాట్లాడానా?”

“లేదు” అన్నారు. క్షణం కూడా ఆలోచించలేదు.

“మొహమాటపడి మీ దగ్గర ఎప్పుడైనా నిజం దాచానా?”

“ఎక్కడ దాచావు? పోయినవారం నా మీసం చూసి ఇస్త్రీ చేయించమన్నావు.”

“మరింకేం? మీరు వంకరగా కోస్తే మొహం మీదే చెబుతాను. గుచ్చి చెబుతాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ‘కళ్ళా, కాజాలా’ అనిపించుకుంటున్నాను, ఒక్కసారైనా తిరిగి అనే అవకాశం రాదా అని కాచుకుని కూర్చున్నాను. మీరు ఆపరేషను మానేసి నా నోటి దగ్గరి ముద్ద లాక్కుంటారా?”

మావయ్య స్టూలు మీద ముందుకి వంగారు. “వెనక నుంచి సరిచేయవుగా?”

“చేయను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

గుమ్మంలో కాజా కుడుతున్న అత్తయ్య సూది ఎప్పుడో ఆగిపోయింది. అంతా వింది. “నేనెప్పుడు దివ్యంగా ఉందన్నాను?” అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రమే మందుల షాపావిడ దగ్గర కొత్త పారాసెటమాల్ స్ట్రిప్పు తెచ్చి అల్మారాలో పెట్టాను. ఒలిచిన పాత మాత్రలు తెల్లవే కాదు, పసుపువీ గులాబీవీ కూడా సంచిలో పోసి ఆవిడకే ఇచ్చేశాను. “ఇప్పటికైనా బుద్ధొచ్చిందా మీకు?” అంది. మా అందరి తరఫునా వచ్చిందన్నాను.

ఆపరేషనుకి ముందురోజు మావయ్యకి నిజంగానే తలనొప్పి పట్టుకుంది. ఈసారి నటన కాదు, కణతలు పట్టుకుని కూర్చున్నారు. నాలో భయం మొదలైంది. ఒట్టు వేసుకున్నది నేను, ఆయన కాదు. కుట్టేది ఆపి, ఆయన ఎటు వెళితే అటు చూస్తూ కూర్చున్నాను.

ఆయన లేచి బొత్తాల పెట్టె దగ్గరికి వెళ్ళారు. చొక్కా బొత్తాల గడిలో వేళ్ళు పెట్టి కెలికారు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“ఒకటి బొత్తాల్లో దాక్కుంది. నువ్వు చూసుకోలేదు” అన్నారు. “ఆస్పిరిన్. వాసన చూడు.”

చూశాను. పులుపు వాసన. ఆయన ఇంకేమీ అనకుండా దాన్ని నా చేతిలో వదిలేశారు. తర్వాత అల్మారా తెరిచి స్ట్రిప్పు తీశారు, కళ్ళజోడు పెట్టుకున్నారు, వెలుగులోకి తిప్పి, బడిపిల్లాడిలా కూడబలుక్కుంటూ పైకి చదివారు. “పా-రా-సె-ట-మాల్.” తారీఖు కూడా చదివారు. ఒక్కటి మాత్రమే ఒలిచి, మంచినీళ్ళతో వేసుకుని, స్ట్రిప్పు మళ్ళీ అల్మారాలో పెట్టారు. ఆయన ఒక మాత్ర పేరు చదవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆయన వెళ్ళాక ఒక కాలరు తలకిందులుగా కుట్టి మళ్ళీ విప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగారు.

“నిన్న ఒక పారాసెటమాల్ వేసుకున్నానమ్మా. పేరు చదివి మరీ” అన్నారు మావయ్య. కాసేపు తటపటాయించి, “పోయినసారి మాత్రం పొరపాటు కాదు” అన్నారు.

డాక్టరమ్మ కళ్ళజోడు మీద నుంచి చూశారు. “భయంగా ఉందని చెబితే నేనే ఇంకో తేదీ ఇచ్చేదాన్ని కదా. దానికి మాత్ర మింగడమెందుకు?”

“ఆ తెలివి అప్పుడు లేదు తల్లీ” అన్నారు మావయ్య. నేను అవునన్నట్టు తలాడించాను.

ఆపరేషను బాగానే జరిగింది. బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. లోపల్నుంచి బయటికొచ్చిన మావయ్య చేతికి పెద్ద కట్టు, మొహానికి అంతకంటే పెద్ద గర్వం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, కట్టు తడపొద్దని రెండుసార్లు చెప్పారు. కొన్నాళ్ళకి కట్టు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు మావయ్యే తన చెయ్యి వెలుగులోకి తిప్పి కుట్లన్నీ పరీక్షగా చూశారు.

“దూరం సమంగా పడింది. లాగుడు లేదు. ఆఖరి ముడి కూడా లోపలికే పోయింది” అన్నారు. “ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?”

డాక్టరమ్మకి చాలా బిరుదులు ఉండి ఉంటాయి. అయినా ఆ మాటకి ఆవిడ మొహం ఎర్రబడింది.

తర్వాత రోజూ మెత్తటి బంతి పట్టుకుని నొక్కడం, వేళ్ళు చాపడం, ముడవడం. ఆయన విసుక్కునేవారు, నేను వదిలేదాన్ని కాదు. మడత పడ్డ వేలు రోజులు గడిచినకొద్దీ కొంచెం కొంచెంగా తెరుచుకుంది. పూర్తిగా నిటారుగా వచ్చిన రోజు ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. మేకు దగ్గరికి వెళ్ళి కత్తెర దించుకున్నారు.

అత్తయ్య పాతదుప్పటి తెచ్చిచ్చింది, ముందు దాని మీద కోసి చూడమని. వద్దన్నారు. “కోస్తే గుడ్డే కోస్తాను” అని నల్ల కోటుగుడ్డ బల్ల మీద పరిచారు. సుద్దతో గీశారు. కత్తెర పిడిలోకి వేళ్ళు దూరాయి, నాలుగూ దూరాయి. కత్తెర నోరు తెరిచింది. ఆ చప్పుడు విని ఎంతకాలమైందో. ఆయన ఊపిరి బిగబట్టి కోసుకుంటూ పోయారు. కత్తెర పక్కన పెట్టి ముక్క ఎత్తి చూపించారు.

“దివ్యంగా ఉంది!” అంది అత్తయ్య.

మావయ్య ఆవిడ వైపు చూడనైనా లేదు. నా వైపు చూశారు.

ముక్క చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాను. భుజం దగ్గర బాగుంది. పక్క కోత బాగుంది. చంక మలుపు దగ్గర కత్తెర సుద్దగీత దాటి లోపలికి పోయింది. ఎక్కువ కాదు. కుట్టేటప్పుడు కాస్త సర్దితే లోకంలో ఎవరికీ తెలియదు. ఆయన అరచేతిలో కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన మొహం చూస్తే బాగుందనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. నా జన్మలో ఒక అబద్ధం చెప్పాలని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

“మావయ్యా” అన్నాను. “చంక దగ్గర గీత దాటేశారు. అవి కళ్ళా, కాజాలా?”

అత్తయ్య నోరు తెరుచుకుంది. మావయ్య ముక్క నా చేతిలోంచి లాక్కుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. చూసి, చూసి, తల ఊపారు.

“దాటింది” అన్నారు. మొహం చేటంత చేసుకుని, చెవులదాకా నవ్వుతూ నా వైపు తిరిగారు. “దాటిందమ్మాయ్! ఇంకో గుడ్డ పడెయ్.”

పడేశాను.